ఐదేళ్ల ఫోన్‌ను మార్చాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. చిన్న కిరాణా కొట్టు నడుపుతూ, ఊళ్లో రైతుల దగ్గర కొబ్బరికాయలు కొని సోంపేట వ్యాపారులకు పంపిస్తుంటాను. 2021 సంక్రాంతికి 14,000 రూపాయలు పెట్టి కొన్న ఫోన్‌నే ఇప్పటికీ వాడుతున్నాను. మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఛార్జింగ్ అయిపోతోంది. ఒక్కోసారి ముప్పై శాతం చూపిస్తూనే ఆగిపోతోంది. స్టోరేజీ నిండిపోయిందని రోజూ హెచ్చరిక వస్తోంది. కొట్లో బేరాలన్నీ దాదాపు యూపీఐ మీదే నడుస్తాయి. విశాఖలో చదువుకుంటున్న మా అమ్మాయి, 24,000 రూపాయల 5జీ ఫోన్‌ను నెలకు రెండు వేల చొప్పున వడ్డీ లేని వాయిదాల్లో తీసుకోమంటోంది. కాశీబుగ్గలో రిపేరు షాపు అబ్బాయేమో 1,500 రూపాయలకు బ్యాటరీ మార్చి ఇస్తానంటున్నాడు. సెట్టింగుల్లో చూస్తే ఆండ్రాయిడ్ 11 అని, సెక్యూరిటీ ప్యాచ్ 2023 మార్చి అని ఉంది. రెండేళ్ల కిందట చనిపోయిన మా అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు కూడా ఇందులోనే ఉన్నాయి. మార్చమంటారా, ఉంచుకోమంటారా?

సమాధానం: అమ్మా, ముందు మీ అమ్మగారి గొంతు సంగతి చూద్దాం, ఫోన్ సంగతి తర్వాత. ఎందుకంటే ఈ ఉత్తరంలో మీరు రాసిన వాటిలో డబ్బు పెట్టినా మళ్లీ దొరకనిది అదొక్కటే. ఆ వాయిస్ మెసేజ్‌లు ఈ క్షణాన ఒకే ఒక్క చోట, ముప్పై శాతం దగ్గర ఆగిపోతున్న ఒక పాత ఫోన్‌లో ఉన్నాయి. బ్యాటరీ మార్పించడానికి వెళ్లేలోపే వాటిని బయటికి తీసి భద్రపరచాలి. రిపేరు చేసేటప్పుడు బోర్డుకు దెబ్బ తగలడం తరచుగా జరగదు గానీ, ఒక్కసారి జరిగితే మాత్రం లోపలున్నది తిరిగి రాదు.

వాట్సాప్‌లో మీ అమ్మగారి చాట్ తెరిచి, పై మూలనున్న మూడు చుక్కలను, ఆ తర్వాత ‘మోర్’ అన్నదాన్ని నొక్కితే ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ అనే వీలు కనిపిస్తుంది. దానిలో మీడియాతో సహా అన్నదాన్ని ఎంచుకుని, ఆ ఫైలును మీ గూగుల్ డ్రైవ్‌కో, మీ అమ్మాయి ఈమెయిల్‌కో పంపించండి. మెసేజ్‌లు చాలా ఉంటే ఒక్కోసారి అన్నీ రావు. అప్పుడు ముఖ్యమైన వాయిస్ మెసేజ్‌లను ఒక్కొక్కటిగా నొక్కిపట్టి, షేర్ ద్వారా డ్రైవ్‌లో దాచుకోవచ్చు. స్టోరేజీ నిండి ఉన్న ఫోన్‌లో ఈ పని మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ముందు వాట్సాప్ సెట్టింగుల్లోని ‘స్టోరేజీ అండ్ డేటా’లోకి వెళ్లి, పెద్ద పెద్ద వీడియోలను, గ్రూపుల్లో రోజూ వచ్చిపడే శుభోదయం బొమ్మలను తీసేయండి. మీ అమ్మగారి చాట్ జోలికి మాత్రం అప్పుడే వెళ్లకండి. అమ్మాయి ఈసారి ఊరికి వచ్చినప్పుడు అదే ఫైలును తన ల్యాప్‌టాప్‌లోనూ ఒక పెన్‌డ్రైవ్‌లోనూ కూడా వేయించండి. వేసిన తర్వాత ఒకటి రెండు మెసేజ్‌లు అక్కడ తెరిచి, వినబడుతున్నాయని చెవులారా విని నిర్ధారించుకున్నాకే ఆ పని అయినట్టు లెక్క.

ఇక మీ ప్రశ్నకు వస్తే, ఇప్పుడు మార్చకండి. బ్యాటరీ మార్పించి, స్టోరేజీ ఖాళీ చేసుకుని వాడండి. కానీ ఏడాది తిరిగేలోగా కొత్త ఫోన్ కొనక తప్పదని అనుకుని, దానికి ఈ నెల నుంచే డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టండి. మిమ్మల్ని విసిగిస్తున్న ఇబ్బందులు రెండూ చవకగా బాగయ్యేవే. మీరు ఉత్తరంలో మామూలుగా చెప్పి ఊరుకున్న ఆ 2023 మార్చి అన్న తేదీ మాత్రం ఏ రిపేరు షాపులోనూ బాగుపడదు.

మొదట బ్యాటరీ సంగతి. ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ నిండి ఖాళీ అయిన ప్రతిసారీ కొద్దికొద్దిగా అరుగుతుంది. మీ ఫోన్ కాలం నాటి బ్యాటరీలకు సుమారు 500 నిండు ఛార్జింగుల తర్వాత మొదటి సామర్థ్యంలో 80 శాతం మిగులుతుందన్నది అందరూ చెప్పుకునే లెక్క. మీరు రోజుకొకసారి నింపారనుకున్నా ఐదేళ్లలో 1,800 దాటిపోయాయి. పైగా వేడి దానికి పెద్ద శత్రువు. కొట్టు అరుగుమీద ఎండ పడే చోట పెట్టినా, తోటలో కాయలు లెక్కించేటప్పుడు మండుటెండలో చేతిలో పట్టుకుని తిరిగినా, రాత్రి తలగడ కింద ఛార్జింగ్ పెట్టినా అరుగుదల ఇంకా వేగమవుతుంది. ముప్పై శాతం ఉండగానే ఆగిపోవడానికి కారణం వేరే ఉంది. పాతబడిన బ్యాటరీలో లోపలి నిరోధం పెరుగుతుంది. కాల్ వచ్చినప్పుడో, కెమెరా తెరిచినప్పుడో ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజి పడిపోయి ఫోన్ ఆరిపోతుంది. అడుగున నీళ్లున్నా ఊట తగ్గిపోయి, మోటారు వేసిన రెండో నిమిషానికే గాలి పీల్చే బోరు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఈ లక్షణం కనిపించిందంటే తప్పు దాదాపుగా బ్యాటరీదే. ఫోన్‌లో మిగిలిన భాగాలు పాడైపోయాయని అనుకోనక్కర్లేదు.

షాపుకు వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. కవరు తీసేసి, ఫోన్‌ను సాపుగా ఉన్న గచ్చు మీద వెల్లకిలా పెట్టి, ఒక మూల మెల్లగా నొక్కండి. కెమెరా ఉబ్బెత్తు వల్ల కాస్త ఊగడం మామూలే. ఫోన్ నడుమ భాగమే గచ్చుకు ఆని బొంగరంలా తిరుగుతున్నా, తెర అంచు దగ్గర గోరు దూరేంత సందు కనిపించినా, లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు ఇక దాన్ని ఛార్జింగ్ పెట్టకూడదు, నొక్కి మూయాలని చూడకూడదు. ఆపేసి, ఆ రోజే షాపుకు తీసుకువెళ్లాలి.

ఇది నాకు అనుభవమైన సంగతే. నేను 2019లో కొన్న ఫోన్‌కు ఒకచోట 600 రూపాయలకే బ్యాటరీ వేయించుకుని, చవకగా తేలిపోయిందని సంతోషించాను. నాలుగు నెలలు తిరగకుండానే వెనక మూత కొద్దిగా పైకి లేచింది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర మరో షాపుకు తీసుకువెళ్తే, ఆ అబ్బాయి వేడిగాలితో మూత అంచుల జిగురును మెత్తబరిచి, పలుచని ప్లాస్టిక్ ముక్కను చుట్టూ పోనిచ్చి, తొందరపడకుండా మూత విప్పాడు. లోపల బ్యాటరీ నూనెలో వేసిన పూరీలా పొంగి ఉంది. “ఏటి సార్, ఇంతలా ఉబ్బిపోనాది, ఇన్నాళ్లూ జేబులో ఎలా ఎట్టుకున్నారు?” అని అతడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే మీకు చెబుతున్నాను, 1,500 అన్న అంకె ఒక్కదాన్నే చూసి ఒప్పుకోకండి. ముందు మీ ఫోన్ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కనుక్కుని, అక్కడ బ్యాటరీకి ఎంత తీసుకుంటారో ఫోన్ చేసి అడగండి. నాలుగైదు వందలు ఎక్కువైనా సరే, దొరికితే అక్కడే వేయించడం మేలు. కాశీబుగ్గలోనే వేయించే పక్షంలో బిల్లు మీద బ్యాటరీ పేరు, కనీసం ఆరు నెలల వారంటీ రాయించుకోండి. మీ ఎదురుగానే విప్పి మార్చమని అడగండి. నమ్మకంగా పని చేసేవాడు ఈ మాటకు నొచ్చుకోడు. ఛార్జింగ్ పిన్ను దూరే చోటు కూడా ఒకసారి చూడమనండి. సముద్రపు ఉప్పుగాలి తగిలే మీ ఊళ్లలో అక్కడి లోహపు పట్టీలు చిలుముపట్టి ఛార్జింగ్ సరిగా ఎక్కకపోవడం ఉంటుంది. కొట్లోని పిండి, దుమ్ము చేరినా అంతే. చాలాసార్లు శుభ్రం చేస్తే సరిపోతుంది.

స్టోరేజీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నిల్వ నిండా నిండిపోతే ఏ ఫోనైనా నెమ్మదిస్తుంది. ఆరో వంతో ఐదో వంతో ఖాళీగా ఉంచితే మీ ఫోన్ మీకే కొత్తగా అనిపిస్తుంది. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగిపోకుండా ‘మీడియా ఆటో డౌన్‌లోడ్’ ఆపేయండి. అది ఆపకపోతే ఇవాళ చేసిన శుభ్రం నెల తిరిగేసరికి వృథా అవుతుంది.

ఇప్పుడు ఆ తేదీ సంగతి. దీని దగ్గర కొంచెం నిలబడాలి. ఫోన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌లో ఎప్పటికప్పుడు లోపాలు బయటపడుతూనే ఉంటాయి. గూగుల్ వాటికి మరమ్మతులు తయారుచేస్తుంది, వాటిని ఫోన్ కంపెనీలు తమ తమ ఫోన్లకు పంపిస్తాయి. మీరు చూసిన సెక్యూరిటీ ప్యాచ్ తేదీ అంటే చివరి మరమ్మతు ఎప్పుడు అందిందో చెప్పే తేదీ. మీ ఫోన్‌కు 2023 మార్చి తర్వాత అవి రావడం ఆగిపోయింది. ఆండ్రాయిడ్ 11కు గూగుల్ కూడా 2024లోనే వీటిని ఆపేసింది, దాని తర్వాతిదైన ఆండ్రాయిడ్ 12కు 2025 మార్చితో ఆపేసింది. కాబట్టి ఆనాటి నుంచి బయటపడిన లోపాలు మీ ఫోన్‌లో తెరిచిన కిటికీల్లా అలాగే ఉన్నాయి. ఫోన్ పని చేయడానికి ఇది అడ్డు కాదు, వాట్సాప్ నడుస్తుంది, యూపీఐ నడుస్తుంది, అందుకే చాలామంది దీన్ని పట్టించుకోరు. పాటలు వినడానికి, మాట్లాడుకోవడానికి మాత్రమే వాడే ఫోన్ అయితే నేనూ పట్టించుకోమని చెప్పేవాణ్ణి కాదు. కానీ మీ కొట్టు గల్లాపెట్టె ఆ ఫోనే. రైతులకు చెల్లించే డబ్బూ దానిలోంచే వెళ్తుంది.

అలాగని రేపే మార్చేయమని ఎందుకు చెప్పడం లేదంటే, మన దగ్గర యూపీఐ పేరుతో జరుగుతున్న మోసాలు ఎక్కువగా ఈ సాంకేతిక లోపాల దారిలో కాక, మనిషిని మాటలతో నమ్మించే దారిలో జరుగుతున్నాయి. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపి, దాన్ని నొక్కగానే ఫోన్‌లోకి దొంగ యాప్‌ను దించడం ఒక పద్ధతి. డబ్బు మీకు పంపుతున్నామంటూ పిన్ నొక్కించడం మరో పద్ధతి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఈ రెండింటికీ లక్ష రూపాయల కొత్త ఫోన్ కూడా పూర్తి రక్ష కాదు, కానీ మరమ్మతులు అందని పాత ఫోన్‌లో అలాంటి దొంగ యాప్ చేరితే అది చేసే నష్టం మరింత లోతుగా ఉంటుంది. అందుచేత కొత్తది కొనేదాకా ఈ ఏడాదీ రెండు పనులు తప్పక చేయండి. ప్లే స్టోర్ నుంచి తప్ప మరెక్కడి నుంచీ యాప్ వేయకండి. యూపీఐకి విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకుని, వారం బేరానికి సరిపడా డబ్బే అందులో ఉంచి, మిగతాది ఫోన్‌తో ముడిపడని ఖాతాలోకి మార్చుకోండి. ఎప్పుడైనా డబ్బు పోయిందని తెలిస్తే బ్యాంకుకు వెళ్లేదాకా ఆగకుండా ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి. ఒకవేళ ఈలోగా మీ బ్యాంకు యాప్ ఈ ఆండ్రాయిడ్ వెర్షన్‌లో ఇక పని చేయదని చెబితే, ఏడాది గడువు అక్కడితో ముగిసినట్టే, అప్పుడు ఆలస్యం చేయకండి.

5జీ కోసమని మాత్రం తొందరపడవద్దు. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. అది వచ్చినంత మాత్రాన 4జీ ఆగిపోలేదు. మీ కాల్స్, యూపీఐ, వాట్సాప్ అన్నీ 4జీ మీద చక్కగా నడుస్తాయి. ఒక చెల్లింపుకు కావలసిన డేటా చాలా కొంచెం, దానికి కావలసింది ఆగకుండా ఉండే సిగ్నల్. మీ కొట్టు దగ్గర 5జీ నిజంగా అందుతోందో లేదో, 5జీ ఫోన్ ఉన్న పక్కింటి వారిని గల్లా దగ్గర నిలబడి చూడమనండి. ఎలాగూ వచ్చే ఏడాది మీరు కొనేది 5జీ ఫోనే అవుతుంది.

మీ అమ్మాయి మీ మేలు కోరే చెప్పింది, అందులో సందేహం లేదు. కానీ వడ్డీ లేని వాయిదాలన్న మాటను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. సున్నా వడ్డీ అన్నదే లేదని, అలా చెప్పి వడ్డీని వేరే రూపంలో దాచకూడదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. సాధారణంగా జరిగేదేమిటంటే, నగదు ఇచ్చి కొనేవారికి దొరికే తగ్గింపు వాయిదాల వారికి దొరకదు, దానికి తోడు ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ భాగం మీద పన్ను కలుస్తాయి. షాపులో రెండు ధరలూ విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకుంటే తేడా మీకే తెలుస్తుంది. ఫోన్ల మీద 2020 ఏప్రిల్ నుంచి జీఎస్‌టీ 18 శాతం ఉంది. అంటే ఆ 24,000లో సుమారు 3,660 రూపాయలు పన్నే. ఎంత ఖరీదైన ఫోన్ కొంటే అంత పన్ను కూడా మీ బేరాల లాభంలోంచి వెళ్తుంది. కాయ ధర ఏ నెలలో పడిపోతుందో చెప్పలేని వ్యాపారంలో ఉండి, నెలనెలా తప్పనిసరిగా కట్టాల్సిన అప్పు ఒకటి నెత్తిన పెట్టుకోవడం నాకు సబబుగా తోచడం లేదు. ఆ రెండు వేలనే బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్‌గా కట్టండి. ఏడాది చివర అదే 24,000, పైన కొద్దిపాటి వడ్డీతో, మీ చేతిలో ఉంటుంది. మధ్యలో ఒక నెల కట్టలేకపోయినా ఫోన్ అప్పు తప్పినంత ఇబ్బంది రాదు. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరగడంతో ఆ భారం ఫోన్ల మీదా పడుతోంది కాబట్టి, ఏడాది ఆగితే ధర కొంత పెరగవచ్చు. అది తెలిసే ఆగమంటున్నాను.

కొనే రోజు వచ్చినప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడగడానికి ముందు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారని అడగండి. ఈ గడువును మీరు కొన్న రోజు నుంచి కాక, ఆ మోడల్ మొదట విడుదలైన రోజు నుంచి లెక్కిస్తారు. మూడేళ్ల హామీ ఉన్న ఫోన్‌ను విడుదలైన రెండేళ్లకు తగ్గింపు ధరలో కొంటే మీకు మిగిలేది ఏడాదే. మీ పాత ఫోన్‌కు కూడా జరిగింది అదే అయ్యుంటుంది. లక్ష రూపాయల ఫోన్లకే ఎక్కువ ఏళ్ల హామీ ఉంటుందన్న రోజులు పోయాయి. సామ్‌సంగ్ 2024 అక్టోబరులో తెచ్చిన గెలాక్సీ ఏ16 5జీ మధ్యతరగతి ఫోనే అయినా దానికి ఆరేళ్ల అప్‌డేట్లు ప్రకటించారు. అదే కొనమని నా ఉద్దేశం కాదు, అడగవలసిన ప్రశ్న అలాంటిదని చెప్పడమే. 18,000 పెట్టి ఆరేళ్లు నడిచే ఫోన్ కొంటే ఏడాదికి మూడు వేలు పడుతుంది. 24,000 పెట్టి మూడేళ్లకే గడువు తీరే ఫోన్ కొంటే ఏడాదికి ఎనిమిది వేలు పడుతుంది. వాడిన ఫోన్ తీసుకోవాలని అనిపిస్తే, స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కగానే కనిపించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్యను, డబ్బు ఇచ్చే ముందే, కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. దొంగ ఫోన్‌ అని దాన్ని బ్లాక్ చేసి ఉంటే అక్కడ తెలుస్తుంది.

కొత్త ఫోన్‌లోకి మారే రోజును బేరాలు తక్కువ ఉండే రోజు చూసి పెట్టుకోండి. యూపీఐ యాప్ మీ సిమ్ నుంచి మెసేజ్ పంపి ఖాతాను మళ్లీ కలుపుకుంటుంది కాబట్టి సిమ్ ముందే కొత్త ఫోన్‌లో ఉండాలి. మారిన తర్వాత మొదటి 24 గంటలు పంపగలిగే మొత్తంపై పరిమితి ఉంటుంది, రైతులకు పెద్ద మొత్తాలు ఇవ్వవలసిన రోజున ఈ పని పెట్టుకుంటే ఇబ్బంది పడతారు. వాట్సాప్‌ను ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు క్యూఆర్ కోడ్ చూపించి నేరుగా మార్చుకునే వీలు ఉంది, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని అమ్మాయి సాయంతో చేయండి.

ఎక్స్‌ఛేంజ్ అంటూ పాత ఫోన్‌కు వెయ్యో రెండు వేలో ఇస్తామంటే ఇచ్చేయకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలా కూలాయో, కరెంటు ఎన్నాళ్లు లేకుండా ఉన్నారో నాకంటే మీకే బాగా తెలుసు. కొత్త బ్యాటరీ వేసిన ఫోన్ ఒకటి ఇంట్లో అదనంగా ఉండడం మీ ఊళ్లో విలాసం కాదు. దానిలోంచి యూపీఐ, బ్యాంకు యాప్‌లను తీసేసి, మీ అమ్మగారి మెసేజ్‌లను అలాగే ఉంచి, సగం ఛార్జింగ్‌తో ఆపి చల్లని చోట బీరువాలో పెట్టండి. రెండు నెలలకొకసారి తీసి మళ్లీ సగానికి నింపండి. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక ఇచ్చిన రోజున మాత్రం నిండా నూరు శాతం నింపి, ఒక సిమ్ వేసి, టార్చి పక్కన పెట్టుకోండి.